కైలా రాస్: ఒలింపిక్ స్వర్ణం తర్వాత కాలేజీ జట్టులోకి (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఒలింపిక్స్ వచ్చినప్పుడు మాత్రమే జిమ్నాస్టిక్స్ చూసేవాళ్లకు సిమోన్ బైల్స్ పేరు తెలుసు. గాబీ డగ్లస్ కూడా కొంతమందికి గుర్తుండవచ్చు. కైలా రాస్ గురించి అడిగితే మాత్రం చాలామంది తల అడ్డంగా ఊపుతారు. అమెరికాలో కాలేజీ జిమ్నాస్టిక్స్ చూసేవాళ్ల దగ్గర అదే పేరు ఎత్తితే కథ వేరుగా ఉంటుంది. ఆమె గురించి, ఆమె వల్ల ఈ ఆట గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఎవరీ కైలా రాస్?

1996 అక్టోబర్ 24న హవాయి రాష్ట్రంలోని హొనొలులులో పుట్టింది. పెరిగింది దక్షిణ కాలిఫోర్నియాలో. తండ్రి బేస్‌బాల్ ఆటగాడు. కోస్టా మెసా పట్టణంలోని జిమ్‌మ్యాక్స్ అనే క్లబ్‌లో జెన్నీ జాంగ్, హోవీ లియాంగ్ అనే కోచ్‌ల దగ్గర తయారైంది. 2009లో, 2010లో వరుసగా అమెరికా జూనియర్ ఆల్ అరౌండ్ (నాలుగు పరికరాల మీద వచ్చిన మార్కులు కలిపి చూసే పోటీ) చాంపియన్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జట్టు స్వర్ణం గెలిచిన ఐదుగురిలో అందరికంటే చిన్నది ఆమే, అప్పటికి వయసు 15. ఆ తర్వాత ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో పతకాలు, ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ జట్టులో నాలుగేళ్లు.

ఒలింపిక్, ప్రపంచ, అమెరికా కాలేజీ టైటిళ్లు మూడూ గెలిచిన తొలి జిమ్నాస్టులు ఇద్దరు. ఒకరు కైలా, ఇంకొకరు ఆమె యూసీఎల్‌ఏ సహచరి మ్యాడిసన్ కొషన్. ఇద్దరికీ ఆ ఘనత ఒకే రాత్రి దక్కింది. ఆ రాత్రి సంగతి కింద వివరంగా ఉంది.

ఎలీట్ అంటే ఏమిటి? కాలేజీ జిమ్నాస్టిక్స్ అంతకంటే చిన్న స్థాయా?

అమెరికాలో పిల్లలు ఒకటి నుంచి పది వరకు లెవెల్స్ దాటుకుంటూ వెళ్తారు. పదో లెవెల్ పైన ఉండేది ఎలీట్. దేశం తరఫున ఆడేది, ప్రపంచ పోటీలకు వెళ్లేది, ఒలింపిక్స్‌లో కనిపించేది ఈ కొద్దిమందే. కాలేజీ జట్లలో మాత్రం ఎక్కువమంది పదో లెవెల్ నుంచి నేరుగా వచ్చినవాళ్లు, ఎలీట్ నుంచి వచ్చినవాళ్లు కొందరు.

కష్టమైన విన్యాసాల లెక్కలో చూస్తే కాలేజీ స్థాయి తక్కువే, కాదనడానికి లేదు. కానీ చిన్న స్థాయి అని తీసిపారేస్తే ఆట అర్థం కాదు. ఎలీట్ జిమ్నాస్ట్ ఏడాదికి కొన్ని పోటీలే ఆడుతుంది. వాటి కోసం నెలల తరబడి సిద్ధమవుతుంది. కాలేజీలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంచుమించు ప్రతి వారాంతం పోటీ ఉంటుంది. అన్ని వారాలూ అలసట కనబడకుండా, కాలి వేలు కూడా వంకరపోకుండా చేయాలి. అది వేరే రకం కష్టం.

ఇంకో తేడా, ఎలీట్‌లో అమ్మాయి ఎక్కువ భాగం తన కోసం ఆడుతుంది, కాలేజీలో అంతా జట్టు కోసమే. ఒక్కో పరికరం మీద ఆరుగురు చేస్తే ఐదుగురి మార్కులు లెక్కకు వస్తాయి. ఒకరు పడిపోతే ఆ మార్కు వదిలేస్తారు, ఇద్దరు పడితే ఇక దిక్కులేదు.

మార్కులు ఒకచోట 15, ఇంకోచోట 9.9 ఎందుకు ఉంటాయి?

ఎక్కువ గందరగోళం ఇక్కడే. 1976లో నాడియా కొమనేచి సాధించిన "పర్‌ఫెక్ట్ టెన్" అంతర్జాతీయ పోటీల్లో 2006 నుంచి లేదు. ఇప్పుడు రెండు మార్కులు వేసి కలుపుతారు. విన్యాసాలు ఎంత కష్టమైనవో దానికొక మార్కు, దీనికి పైహద్దు లేదు. ఎంత శుభ్రంగా చేశారో దానికొకటి, ఇది పదికి. అందుకే 14లు, 15లు కనిపిస్తాయి.

అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ మాత్రం పాత పదినే ఉంచుకుంది. పరీక్షతో పోల్చి చెప్పాలంటే, అంతర్జాతీయ పోటీలో ఎన్ని మార్కుల పేపరు రాయాలో ఎవరికి వాళ్లే ఎంచుకుంటారు, కాలేజీలో అందరికీ పది మార్కుల పేపరే, తప్పు లేకుండా రాసినవాళ్లదే పైచేయి.

వాల్ట్ ఉదాహరణ చూడండి, అంటే పరుగెత్తుకొచ్చి బల్ల మీద చేతులు ఆనించి గాల్లోకి ఎగిరే విన్యాసం. 2013లో కైలా ప్రపంచ వేదిక మీద చేసిన వాల్ట్ రెండు మెలికల యుర్చెంకో (వెనక్కి వాలి బల్ల మీదికి వెళ్లే రకం వాల్ట్). అదే పోటీలో బైల్స్ రెండున్నర మెలికలు చేసింది. ఆ అర మెలిక తేడాతోనే, గాల్లోకి లేవక ముందే బైల్స్‌కు ఆధిక్యం వచ్చేసేది. కాలేజీలో ఒకటిన్నర మెలికల యుర్చెంకో చేస్తే చాలు, పది నుంచి మొదలవుతుంది. అంతకంటే మెలికలు తిప్పినా అదనంగా ఒక్క మార్కు కూడా రాదు. ఇక చూసేదంతా మోకాళ్లు అతుక్కున్నాయా, దిగినప్పుడు అడుగు కదిలిందా అన్నదే. ఈ లెక్క కైలా కోసమే రాసినట్టు ఉంటుంది.

లండన్‌లో ఆమె చేసిందేమిటి? వ్యక్తిగత పతకం లేదెందుకు?

జట్టు ఫైనల్‌లో ఒక్కో పరికరం మీద ముగ్గురే చేస్తారు, ముగ్గురి మార్కులూ లెక్కకు వస్తాయి. తప్పుకు చోటు లేదన్నమాట. 2012 జులై 31న కైలాకు అన్‌ఈవెన్ బార్స్ (ఒకటి ఎత్తుగా, ఒకటి తక్కువగా ఉండే రెండు కడ్డీలు), బ్యాలెన్స్ బీమ్ (సన్నని దిమ్మె) అప్పగించారు. రెండూ పడకుండా, తడబడకుండా పూర్తిచేసింది. అమెరికా 183.596తో గెలిచింది, రష్యా 178.530తో రెండోది. ఐదు పాయింట్లకు పైగా తేడా అంటే జిమ్నాస్టిక్స్‌లో చాలా పెద్ద సంగతి. 1996 అట్లాంటా తర్వాత అమెరికా మహిళలకు అదే మొదటి జట్టు స్వర్ణం.

వ్యక్తిగత ఫైనల్ ఒక్కదానికీ ఆమె అర్హత సాధించలేదు. గాబీ డగ్లస్‌కు ఆల్ అరౌండ్ స్వర్ణం, అలీ రైస్మన్‌కు ఫ్లోర్ (నేల మీద సంగీతానికి చేసే విన్యాసాలు) స్వర్ణం, మెకేలా మరోనీకి వాల్ట్ రజతం వచ్చాయి. పతక వేదిక మీద మరోనీ పెదవి విరిచిన ఫోటో ఇంటర్నెట్ అంతా తిరిగింది. అంత హడావుడిలో కైలా గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. నన్నడిగితే ఆ తర్వాత ఆమె తీసుకున్న నిర్ణయంలో ఈ నిశ్శబ్దానికీ వాటా ఉంది.

మరి ఆమె అత్యుత్తమ ఎలీట్ ఏడాది ఏది?

2013, సందేహం లేదు. ఆ ఏడాది అమెరికా జాతీయ పోటీల్లో రెండు రోజులు కలిపి బైల్స్‌కు 120.450, కైలాకు 120.250. తేడా రెండు పదోవంతులు. ఇవాళ ఆ అంకెలు చూస్తే నమ్మబుద్ధి కాదు. ఆ తర్వాత బైల్స్‌కు అంత దగ్గరగా వచ్చినవాళ్లు ఎంతమంది?

బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో కైలాకు మూడు రజతాలు: ఆల్ అరౌండ్, బార్స్, బీమ్. ఆల్ అరౌండ్‌లో బైల్స్ 60.216, కైలా 59.332. బార్స్‌లో చైనాకు చెందిన హువాంగ్ హుయ్‌దాన్, బీమ్‌లో రష్యా జిమ్నాస్ట్ అలియా ముస్తాఫినా ఆమె కంటే ముందున్నారు. బీమ్‌లో బైల్స్ మూడోది, కైలా తర్వాతే.

2014లో చైనాలోని నానింగ్‌లో జట్టు స్వర్ణం, ఆల్ అరౌండ్ కాంస్యం. ఆ జట్టు స్వర్ణమే "ప్రపంచ చాంపియన్" అన్న మాటకు ఆధారం.

రియో ఒలింపిక్స్‌లో ఎందుకు కనిపించలేదు?

పొడుగైంది. నిజంగానే పెద్ద కారణం అదే. లండన్ నాటికి చిన్నపిల్లగా ఉన్న అమ్మాయి తర్వాతి ఏళ్లలో బాగా ఎదిగింది. శరీరం పొడుగైతే బార్స్ మీద ఊపు మారుతుంది, గాల్లో గుండ్రంగా తిరగడానికి ఎక్కువ సమయం, ఎక్కువ బలం కావాలి, ఒంటికి అలవాటైన లెక్కలన్నీ మళ్లీ నేర్చుకోవాలి. పైగా అదే సమయంలో అమెరికా జట్టులో కష్టమైన విన్యాసాల పోటీ పెరిగిపోయింది. కైలా బలం శుభ్రతే తప్ప కష్టం పెంచడం కాదు.

2015లో మునుపటి కైలా కనిపించలేదు. ఆ ఏడాది గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్స్ జట్టులో ఆమె లేదు. 2016 ఫిబ్రవరిలో, ఒలింపిక్స్‌కు ఇంకా ఆరు నెలలు ఉండగానే, ఎలీట్ నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించింది. అప్పటికి వయసు 19. చివరిదాకా వేలాడి ట్రయల్స్‌లో పేరు లేకపోవడం కంటే ఇది మేలని ఆమె అనుకుని ఉండవచ్చు. ఏమైనా కాలేజీ సీటు చేతిలో ఉంది కాబట్టే ఆ మాట అనగలిగింది. ఆ సీటు ఎలా మిగిలిందన్నదే అసలు ప్రశ్న.

స్వర్ణం గెలిచాక ప్రకటనల డబ్బు వదులుకుందంటారు, నిజమేనా?

నిజం. కాకపోతే ఇప్పటి నిబంధనలు తెలిసినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది కాబట్టి కొంచెం వెనక్కి వెళ్లాలి.

2021 జులై 1 వరకు ఎన్‌సీఏఏ నియమం ఇదీ: కాలేజీ తరఫున ఆడాలంటే నువ్వు అమెచ్యూర్ అయి ఉండాలి. ఆట వల్ల వచ్చిన పేరుతో ప్రకటనల్లో కనిపించి డబ్బు తీసుకుంటే, ఏజెంటును పెట్టుకుంటే, కాలేజీ తలుపు మూసుకుపోయినట్టే. క్రికెట్ అభిమానులకు ఇది అర్థం కావడం కష్టం, మన దగ్గర అండర్-19 నుంచే కాంట్రాక్టులు ఉంటాయి కదా.

జిమ్నాస్టులకు ఈ నియమం మరీ క్రూరంగా తగిలేది. ఎందుకంటే ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు ముందు కాలేజీలో ఆడి తర్వాత సంపాదిస్తారు. జిమ్నాస్ట్‌కు పేరు వచ్చేది పదిహేను పదహారేళ్లకు, కాలేజీకి ముందే. ఆ పేరు అమ్ముడుపోయే కాలం ఒలింపిక్స్ ముగిసిన కొన్ని నెలలే. అంటే పదో తరగతి వయసు పిల్ల, ఆమె తల్లిదండ్రులు కలిసి తేల్చుకోవాలి: ఇప్పుడు వచ్చే చెక్కా, మూడేళ్ల తర్వాత మొదలయ్యే నాలుగేళ్ల కాలేజీ ఆటా?

లండన్ జట్టులో డగ్లస్, రైస్మన్, మరోనీ, జోర్డిన్ వీబర్ నలుగురూ ప్రొఫెషనల్ దారి ఎంచుకున్నారు. కైలా ఒక్కతే అమెచ్యూర్‌గా మిగిలింది. ఆ ఐదుగురిలో కాలేజీ పోటీల్లో దిగింది ఆమె ఒక్కతే. సిమోన్ బైల్స్ కూడా ఇదే యూసీఎల్‌ఏకు వస్తానని మాట ఇచ్చి, 2015లో ప్రొఫెషనల్ అవడంతో ఆ అవకాశం వదులుకుంది.

కైలా తెలివైనది, మిగతావాళ్లు తొందరపడ్డారు అని కొందరు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. ఆల్ అరౌండ్ స్వర్ణం ఉన్న డగ్లస్ ముందు పెట్టిన డబ్బు, వ్యక్తిగత పతకం లేని కైలా ముందు పెట్టిన డబ్బు ఒకటి కావు. పైగా శరీరం ఎప్పుడు మొరాయిస్తుందో తెలియని ఆటలో, వచ్చినప్పుడు తీసుకోవడం తప్పెలా అవుతుంది? తప్పు ఆ పిల్లలను అలా ఎంచుకోమన్న నియమానిది. ఆ నియమం కింద కైలా వేసిన పందెం ఆమెకు బాగా కలిసొచ్చింది, అంతే.

ప్రొఫెషనల్ అయినవాళ్లకు కాలేజీ జట్టుతో ఏ సంబంధమూ ఉండదా?

ఆడలేరు, కానీ జట్టు చుట్టూ ఉండొచ్చు. జోర్డిన్ వీబర్ కథ ఇందుకు మంచి ఉదాహరణ. ఆమె 2011 ప్రపంచ ఆల్ అరౌండ్ చాంపియన్. లండన్ అర్హత రౌండులో నాలుగో స్థానంలో నిలిచింది. అయినా ఒక దేశం నుంచి ఇద్దరికే చోటన్న నిబంధన వల్ల ఆల్ అరౌండ్ ఫైనల్‌కు వెళ్లలేకపోయింది. ముందే ప్రొఫెషనల్ కావడంతో కాలేజీలో ఆడే అర్హతా పోయింది. అలాంటి అమ్మాయి యూసీఎల్‌ఏలో చేరి జట్టుకు మేనేజర్‌గా పనిచేసింది. మ్యాట్లు సర్దడం, నీళ్లందించడం లాంటి పనులు కూడా ఉండే పదవి అది. తర్వాత అక్కడే వాలంటీర్ కోచ్ అయింది. అంటే లండన్‌లో పక్కపక్కన నిలబడి పతకం అందుకున్న ఇద్దరిలో ఒకరు యూసీఎల్‌ఏలో పోటీపడుతుంటే, ఇంకొకరు పక్కన నిలబడి కోచింగ్ ఇచ్చారు.

2019లో వీబర్ ఆర్కన్సా యూనివర్సిటీ హెడ్ కోచ్ అయింది. 2020లో కైలా అక్కడికే వాలంటీర్ కోచ్‌గా వెళ్లింది, తర్వాత అసిస్టెంట్ కోచ్ అయింది.

యూసీఎల్‌ఏనే ఎందుకు ప్రత్యేకం?

ఒక ముక్కలో చెప్పాలంటే వ్యాలరీ కొండోస్ ఫీల్డ్. అందరూ "మిస్ వ్యాల్" అంటారు. ఆమె జిమ్నాస్ట్ కాదు, బాలే డ్యాన్సర్. 1991 నుంచి 2019 దాకా హెడ్ కోచ్‌గా ఉండి ఏడు జాతీయ టైటిళ్లు తెచ్చింది. ఆమె జట్టులో ఫ్లోర్ రొటీన్ అంటే డ్యాన్స్ నంబర్‌లా ఉండేది. సహచరులు పక్కన నిలబడి అవే స్టెప్పులు వేస్తుంటారు. 2019 జనవరిలో క్యాటలిన్ ఒహాషి చేసిన ఫ్లోర్ రొటీన్ వీడియో మన వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా వచ్చే ఉంటుంది, అది ఈ జట్టుదే. ఆ ఒహాషి 2013 అమెరికన్ కప్‌లో బైల్స్‌ను ఓడించిన అమ్మాయి. కైలా, ఒహాషి, కొషన్ ఒకే జట్టులో ఉండడం అప్పట్లో అభిమానులకు పండగ.

2018 ఫైనల్ గురించి అందరూ అంతగా చెప్పుకుంటారెందుకు?

2018 ఏప్రిల్ 21, సెయింట్ లూయిస్. వరుసగా రెండేళ్లు టైటిల్ గెలిచిన ఓక్లహోమా ఆ రోజూ ముందే ఉంది. యూసీఎల్‌ఏకు చివర మిగిలిన పరికరం బీమ్. పది సెంటీమీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు ఉన్న ఆ దిమ్మె మీద జాతకాలు తిరగబడడం జిమ్నాస్టిక్స్‌లో మామూలే. ఒకరి తర్వాత ఒకరు పడకుండా చేస్తూ వచ్చారు. అందరి కంటే చివర ఎక్కింది పెంగ్ పెంగ్ లీ. కెనడా అమ్మాయి, 2012లో మోకాలి లిగమెంట్ తెగడంతో లండన్‌కు వెళ్లలేకపోయింది. కాలేజీ కెరీర్‌లో అదే ఆమె చివరి రొటీన్.

పదికి పది వచ్చింది. యూసీఎల్‌ఏ 198.0750, ఓక్లహోమా 198.0375. తేడా 0.0375. లెక్క వేసి చూడండి, ఆమెకు 9.9625 కంటే తక్కువ వచ్చి ఉంటే టైటిల్ పోయేది. జిమ్నాస్టులు పాదం కాస్త సర్దుకున్నా అంత కోత పడుతుంది.

కైలా, కొషన్ మూడు రకాల టైటిళ్లు పూర్తిచేసుకున్నది ఆ రాత్రే. లండన్ స్వర్ణం ఉన్న అమ్మాయికి కాలేజీ స్వర్ణం తెచ్చిపెట్టింది లండన్ వెళ్లలేకపోయిన అమ్మాయి. కథలో రాస్తే అతిగా ఉందని కొట్టేస్తాం.

కాలేజీలో కైలాకు 22 సార్లు పదికి పది వచ్చింది. అది నిజంగా గొప్పేనా, మార్కులు ఉదారంగా వేస్తారా?

రెండూ నిజమే. కాలేజీ మార్కులు, ముఖ్యంగా సొంత వేదిక మీద, కాస్త ధారాళంగా పడతాయని అభిమానులే గొణుక్కుంటారు. దిగేటప్పుడు చిన్న కదలిక ఉన్నా జనం కేకలకు పది పడిన సందర్భాలు ఉన్నాయి.

అయినా కైలా 22ను దాని మీద తోసేయలేం. నాలుగు పరికరాల మీదా ఆమెకు పది వచ్చింది, దీన్ని అక్కడ "జిమ్ స్లామ్" అంటారు. సాధారణంగా బార్స్ బాగా చేసేవాళ్లకు ఫ్లోర్ సాదాగా ఉంటుంది, వాల్ట్ బలం ఉన్నవాళ్లు బీమ్ మీద వణుకుతారు. ఎలీట్ రోజుల్లో కైలా కూడా బార్స్, బీమ్ అమ్మాయిగానే పేరుపడింది. వాల్ట్, ఫ్లోర్ మీద పదులు రావడం కాలేజీకి వచ్చాక పెరిగిన బలమే. జిమ్నాస్ట్‌కు పద్దెనిమిదేళ్లకే ముసలితనం వస్తుందన్న పాత మాటకు ఇంతకంటే మంచి జవాబు నాకు కనబడలేదు.

చదువు పేరుకేనా?

కాదు. కాలేజీ జట్ల శిక్షణకు వారానికి 20 గంటల పరిమితి ఉంది. ఎలీట్ క్లబ్బుల్లో వారానికి 30 గంటలకు పైగా జిమ్‌లోనే గడుస్తుంది, స్కూల్ చదువు చాలామందికి ఇంటి నుంచే. అక్కడి నుంచి వచ్చినవాళ్లకు కాలేజీ తేలిక అనిపిస్తుందని కాదు కానీ, క్లాసు, ల్యాబ్, హాస్టల్ స్నేహాలు, ఇవన్నీ ఒకేసారి మొదలవుతాయి. చదువులో మార్కులు నిర్ణీత స్థాయికి తగ్గితే ఆడనివ్వరు.

నాసర్ కేసుతో ఆమెకు సంబంధం ఏమిటి?

ఆమె బాధితుల్లో ఒకరు. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడిగా ఏళ్ల తరబడి పనిచేసిన ల్యారీ నాసర్ చికిత్స ముసుగులో వందలమంది అమ్మాయిలపై లైంగిక దాడులకు పాల్పడ్డాడు. 2018 జనవరిలో మిషిగన్ కోర్టు అతడికి 40 నుంచి 175 ఏళ్ల జైలు శిక్ష వేసింది. లండన్ జట్టులో మిగతా నలుగురూ అప్పటికే బయటపెట్టారు, వీబర్ కోర్టులో నిలబడి మాట్లాడింది. 2018 ఆగస్టులో కైలా, కొషన్ కలిసి టీవీ ఇంటర్వ్యూలో తమకూ అది జరిగిందని చెప్పారు. అంటే ఆ స్వర్ణ జట్టులో ఐదుగురికి ఐదుగురూ.

తేదీలు గమనించండి. ఏప్రిల్‌లో టైటిల్, ఆగస్టులో ఈ మాట. బయట ప్రపంచం ఆమెను చిరునవ్వుతో చూస్తున్న ఆ సీజన్ అంతా ఇది లోపల మోస్తూనే ఆడింది. ఇంతమంది నోరు విప్పినా పెద్దలు ఏళ్ల తరబడి ఎందుకు వినలేదన్నది జిమ్నాస్టిక్స్‌కు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు, పిల్లలను ఏ క్రీడా హాస్టల్‌కు పంపే తల్లిదండ్రులైనా అడగాల్సింది. 2021 డిసెంబర్‌లో బాధితులకు 38 కోట్ల డాలర్ల పరిహారంతో ఒప్పందం కుదిరింది.

ఆమె చివరి పోటీ ఏది?

అది చివరిదని ఆమెకూ తెలియదు. 2020 మార్చిలో కరోనా వల్ల సీజన్ మధ్యలోనే రద్దయింది. ఆమెది నాలుగో, ఆఖరి ఏడాది. వసంత కాలం ఆటలవాళ్లకు ఎన్‌సీఏఏ ఇంకో ఏడాది ఇచ్చింది, జిమ్నాస్టిక్స్ శీతాకాలపు ఆటల కింద లెక్క కాబట్టి వీళ్లకు ఇవ్వలేదు. వీడ్కోలు సభలు, చివరి జాతీయ పోటీలు ఏవీ లేకుండానే కెరీర్ ఆగిపోయింది.

ఇప్పుడు ఎలీట్, కాలేజీ రెండూ ఒకేసారి ఆడుతున్నారు కదా?

అవును, కైలా కాలంలో ఊహించలేనిది అదే. 2021 జులై నుంచి విద్యార్థి క్రీడాకారులు తమ పేరు, ఫోటో వాడుకుని సంపాదించవచ్చు. దీన్ని ఎన్‌ఐఎల్ అంటారు. ఆ నియమం వచ్చిన నెలలోనే టోక్యో ఒలింపిక్స్ మొదలయ్యాయి. అక్కడ ఆల్ అరౌండ్ స్వర్ణం గెలిచిన సునీసా లీ, ప్రకటనలు చేసుకుంటూనే ఆబర్న్ యూనివర్సిటీలో చేరింది. అక్కడి కోచ్ జెఫ్ గ్రాబా, మిన్నెసోటాలో ఆమెను పెంచిన క్లబ్ కోచ్ జెస్ గ్రాబా కవల సోదరులు. 2022లో లీ కాలేజీ బీమ్ టైటిల్ గెలిచింది, కిడ్నీ జబ్బుతో 2023లో కాలేజీ ఆట ఆపింది, మళ్లీ కోలుకుని 2024 పారిస్‌లో జట్టు స్వర్ణం గెలిచింది.

పారిస్ ఐదుగురిలో లీ, జోర్డన్ చైల్స్, జేడ్ కేరీ ముగ్గురూ కాలేజీ పోటీలు ఆడి వచ్చినవాళ్లే. చైల్స్‌ది యూసీఎల్‌ఏ. ఒకప్పుడు ఎలీట్ ముగిశాక వెళ్లే చోటు కాలేజీ. ఇప్పుడు అక్కడి నుంచి తిరిగి రావచ్చు.

మన భారతీయ అమ్మాయిలకు ఇలాంటి దారి ఉందా?

ఇక్కడ లేదు. కైలా కాలేజీ టైటిల్ గెలిచిన 2018లోనే, ఫిబ్రవరిలో, హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణా రెడ్డి మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్ కాంస్యం సాధించింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో వ్యక్తిగత పతకం గెలిచిన తొలి భారతీయురాలు ఆమే. కరాటే నుంచి జిమ్నాస్టిక్స్‌కు మారి, ఎల్బీ స్టేడియంలో సాధన చేసి అక్కడిదాకా వెళ్లింది. అంతకు రెండేళ్ల ముందు రియోలో దీపా కర్మాకర్ వాల్ట్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇద్దరి కథల్లోనూ మోకాలి ఆపరేషన్లున్నాయి. అలాంటి దెబ్బ తగిలాక మన దగ్గర ఉన్నవి రెండే దారులు, దేశం జట్టులోకి తిరిగి రావడం లేదా మానేయడం. ఒలింపిక్ స్థాయి కాకపోయినా వేలమంది జనం ముందు వారం వారం ఆడుతూ డిగ్రీ చదివే మధ్య మెట్టు లేదు. పతకాల కంటే ఈ మెట్టు లేకపోవడమే మన జిమ్నాస్టిక్స్‌కు పెద్ద లోటని నా అభిప్రాయం.

అమెరికాలో ఉన్న మా పాప జిమ్నాస్టిక్స్ క్లాసులకు వెళ్తోంది. కాలేజీ స్కాలర్‌షిప్ ఆశించవచ్చా?

డల్లాస్, బే ఏరియా, న్యూజెర్సీ తెలుగు తల్లిదండ్రుల నుంచి ఈ ప్రశ్న తరచూ వస్తుంది. ఆశించవచ్చు, లెక్కలోకి తీసుకోవద్దు. అన్ని డివిజన్లూ కలిపినా మహిళల జట్లు ఉన్న కాలేజీలు 80 చుట్టూనే ఉంటాయి, ఏటా ఒక్కో జట్టులో ఖాళీ అయ్యేవి నాలుగైదు చోట్లు. పాప పదో లెవెల్‌కు చేరి, అక్కడ రాష్ట్ర స్థాయి దాటి కనిపిస్తేనే పెద్ద జట్ల కోచ్‌లు చూస్తారు. అప్పటిదాకా క్లబ్ ఫీజులు, ప్రయాణాలు, పోటీల దుస్తులు కలిపి పెట్టే ఖర్చు చాలాసార్లు ఫీజు మాఫీ కంటే ఎక్కువే తేలుతుంది. ఎలీట్ కావాల్సిన అవసరం మాత్రం లేదు.

స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలకు ఇంకో చిక్కుంది. స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు కానీ, ఎన్‌ఐఎల్ ప్రకటనల పని వీసా నిబంధనలకు అడ్డం రావచ్చు. సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి, కోచ్‌ను కాదు.

కొత్తగా చూసేవాళ్లు ఆమెవి ఏ రొటీన్లతో మొదలుపెట్టాలి?

ముందు 2013 ఆంట్‌వెర్ప్ బీమ్ ఫైనల్. తర్వాత యూసీఎల్‌ఏ బార్స్ ఏదైనా ఒకటి, 2019 సీజన్‌ది అయితే మంచిది. హ్యాండ్‌స్టాండ్ దగ్గర వీడియో ఆపి చూడండి, ఒళ్లు నిట్టనిలువుగా ఉంటుంది. ఆఖర్న 2018 ఫైనల్ బీమ్ రొటేషన్ పూర్తిగా. అందులో ముందే స్కోరు తెలిసినా టెన్షన్ తగ్గదు.